పాత కారు, పెద్ద రిమ్ము: ముందు టైరు ఎందుకు తాకుతుంది, ఎలా సరిచేయాలి

పాత అంబాసిడర్‌కు పదహారు అంగుళాల అల్లాయ్ రిములు ఎక్కించి గ్యారేజీ గేటు దాటించగానే, మొదటి మలుపులోనే ముందు చక్రం దగ్గర బర్రుమని ఓ చప్పుడు వస్తుంది. రబ్బరు రేకును గీరుకునే చప్పుడది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షెడ్లలో దీన్ని ‘టైరు తలుగుతున్నది’ అంటారు. విరుగుడు చెప్పేవాళ్లకు కొదవలేదు. మడ్‌గార్డు అంచు కోసెయ్యమని ఒకరు, హబ్‌కూ రిమ్ముకూ మధ్య స్పేసర్ బిళ్ల వేస్తే చాలని ఇంకొకరు, స్ప్రింగు ఎత్తు పెంచమని మరొకరు. ఏమీ చేయొద్దు, కొన్నాళ్లు తిరిగితే రబ్బరు అరిగి దానంతటదే సర్దుకుంటుందనే వాళ్లూ ఉన్నారు. స్పేసర్, స్ప్రింగుల మాటలు ఏదో ఒక బండికి, ఏదో ఒక రకం తాకిడికి పనికొచ్చేవే. చివరిది మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే సలహా. ఈ విరుగుళ్లన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది దేనికి సరిపోతుందో, ఏది ఎందుకు వద్దో చూడాలన్నదే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఈ పని తలకిందులుగా జరుగుతోంది. రేకు కోయడంతో మొదలై కొలతలతో ముగుస్తోంది. కొలతలతో మొదలుపెడితే చాలా బండ్లకు రేకు జోలికి వెళ్లే అవసరమే రాదు.

పెద్ద చక్రాల మీది మోజును తప్పుపట్టను. అందులో అవసరం కూడా కొంత ఉంది. హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్ 2014 మే నెలలో ఆగిపోయింది. ముంబై కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. అంబాసిడర్ అసలు టైరు 5.90-15, పద్మినిది 5.20-14. రెండూ పాతకాలపు క్రాస్‌ప్లై కొలతలు. ఇప్పుడు మామూలు టైర్ల షాపుకు పోయి ఈ అంకెలు చెబితే వెంటనే తీసిచ్చేవాళ్లు అరుదు. అలాంటప్పుడు దొరికే రేడియల్ వైపు, దానికి సరిపడే రిమ్ము వైపు చూపు పోవడం సహజం. దానికి తోడు ఈ ప్రాంతపు గల్ఫ్ బతుకు ఒకటి. దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ గ్యారేజీల్లో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చినవాళ్లకు ల్యాండ్‌క్రూయిజర్, నిస్సాన్ ప్యాట్రోల్ బండ్లను ఎత్తించి లావు టైర్లు వేసిన అనుభవం ఉంది. చేతిలో నిజమైన పనితనం ఉంది. కానీ ఇసుకలో గాలి తగ్గించి నడిపే చాసిస్ బండి లెక్క వేరు, జగిత్యాల నుంచి ధర్మపురికి కుటుంబమంతా ఎక్కి పోయే అంబాసిడర్ లెక్క వేరు.

ముందు టైరు కొలతల సంగతి. చక్రం పెద్దదైతే తాకుతుందన్నది అందరూ అనుకునే మాట. అది సగమే నిజం. 205/65 ఆర్ 16 టైరు తీసుకోండి. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 133 మి.మీ. కింద, పైన కలిపి 266. దానికి పదహారు అంగుళాల రిమ్ము, అంటే 406 మి.మీ. కలిపితే మొత్తం ఎత్తు దాదాపు 673 మి.మీ. అంబాసిడర్ అసలు 5.90-15 టైరు ఎత్తు 660 ప్రాంతంలో ఉంటుంది. ఎత్తులో పెద్ద తేడా లేదు. అదే 205/60 ఆర్ 16 అయితే 652కే ఆగుతుంది, అంటే అసలు టైరు కన్నా పొట్టి. అయినా అదీ తాకుతుంది. ఎందుకంటే 5.90 అంగుళాలంటే 150 మి.మీ. వెడల్పు, కొత్తది 205. కారు గీసిన ఇంజనీరు ఇచ్చిన సందులోకి 55 మి.మీ. అదనపు రబ్బరు వచ్చి కూర్చుంది. పద్మినిలోనూ ఇదే కథ. 5.20-14 ఎత్తు సుమారు 605, 185/60 ఆర్ 15 ఎత్తు 603. ఎత్తు అచ్చంగా సరిపోయింది, వెడల్పు 53 మి.మీ. పెరిగింది. మారుతీ 800 దగ్గర లెక్క తిరగబడుతుంది. 145/80 ఆర్ 12 టైరున్న బండిలో ఆ ఎత్తు 537. దాని బదులు 155/65 ఆర్ 13 వేస్తే 532, హాయిగా తిరుగుతుంది. 165/65 ఆర్ 14 వేస్తే 570. అక్కడ ఎత్తే అసలు సమస్య.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. టైరు ఎత్తు 30 మి.మీ. పెరిగితే కారూ 15 మి.మీ. పైకి లేస్తుంది కదా, మరి సందు తగ్గేదేముంది అంటారు. కారు లేచేది నేల నుంచి. హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఉన్న దూరం మాత్రం స్ప్రింగు చేతిలో ఉంది, అది మారదు. టైరు అంచు అన్ని వైపులా 15 మి.మీ. చొప్పున ముందుకు వచ్చేస్తుంది. పైన, ముందు, వెనక, అన్నిచోట్లా సందు ఆ మేరకు తగ్గుతుంది.

వెడల్పు కన్నా, ఎత్తు కన్నా ఎక్కువ గందరగోళం తెచ్చేది ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు నడిమి గీత ఒకటి ఊహించుకోండి. ఆ గీతకూ, రిమ్ము హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. అల్లాయ్ రిమ్ము వెనక్కి తిప్పి చూస్తే ఈటీ అనే అక్షరాల పక్కన ఓ అంకె పోతపోసి ఉంటుంది. అదే ఇది, మిల్లీమీటర్లలో. ఇప్పటి ముందుచక్రాల డ్రైవ్ కార్ల రిములకు ఈ అంకె సాధారణంగా 35 నుంచి 50 దాకా ఉంటుంది. వాటిని పాత కారుకు ఎక్కిస్తే చక్రం లోపలికి పోతుంది. ఓ లెక్క వేసి చూద్దాం. పాత రిమ్ము నాలుగున్నర అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 25 అనుకుందాం. హబ్ ముఖం నుంచి లోపలికి 82 మి.మీ., బయటికి 32 మి.మీ. వస్తుంది. కొత్తది ఆరు అంగుళాలు, ఆఫ్‌సెట్ 40. ఇప్పుడు లోపలికి 116, బయటికి 36. బయటినుంచి చూసేవాడికి చక్రం దాదాపు మునుపటి చోటే ఉన్నట్టు కనిపిస్తుంది, నాలుగే మి.మీ. తేడా. లోపల మాత్రం 34 మి.మీ. జరిగింది. బయట మడ్‌గార్డు దగ్గర వేలు పెట్టి చూసి ‘మస్తు సందున్నది’ అని పంపేసిన బండి మొదటి మలుపులోనే లోపల గీరుకోవడానికి కారణం ఇదే.

జీపుల దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకం. లోతు గిన్నెలాంటి రిములు వేయించుకోవడం జీపులవాళ్లకు ఇష్టం. చక్రం బయటికి వస్తుంది. లోపల కమాన్ పట్టీలకు తాకడం తగ్గుతుంది. కానీ స్టీరింగ్ తిప్పినపుడు చక్రం తిరిగే ఇరుసు గీతకూ, టైరు నేలను ఆనే చోటుకూ మధ్య దూరం పెరుగుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ చేతిని గుంజుతుంది. హబ్ బేరింగుల మీద బరువు పక్కకు పడి అవి తొందరగా పోతాయి. చక్రం తిరిగే చాపం కూడా పెద్దదై, టైరు ముందు మూల బంపరు కొసకు, వెనక మూల మడ్‌గార్డు కింది కొసకు తాకడం మొదలవుతుంది. లోపలి జబ్బు బయటికి మారిందే తప్ప పోలేదు.

అందుకే ఏ మందైనా వేసే ముందు ఎక్కడ తాకుతోంది, ఎప్పుడు తాకుతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. పని తెలిసిన మెకానిక్ మొదట అడిగేది అదే. ‘అన్నా, ఫుల్ కట్ల తలుగుతున్నదా, గుంతల వడ్డప్పుడు తలుగుతున్నదా? బ్రేక్ కొట్టినప్పుడు సుత వస్తదా?’ ఈ మూడు మాటల్లో సగం రోగనిర్ధారణ ఉంది. నిలిచిన బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పినపుడే తాకితే వెడల్పు, ఆఫ్‌సెట్ల సంగతి. తిన్నగా పోతూ స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినపుడు తాకితే ఎత్తు, స్ప్రింగుల సంగతి. బ్రేకు వేసినపుడు మాత్రమే తాకితే బుష్‌లు, ఆర్మ్‌ల సంగతి.

పరీక్ష చేసే పద్ధతి తెలిసినవాళ్లు ఇలా చేస్తారు. చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, నాలుగు టైర్లకూ సరైన గాలి పెడతారు. ముందు టైరు భుజం చుట్టూ, అంటే ట్రెడ్డు ముగిసి పక్కగోడ మొదలయ్యే చోట, తెల్ల సుద్దముక్కతో మందంగా గీస్తారు. లోపలి భుజానికీ, బయటి భుజానికీ. తర్వాత బండిలో నలుగురైదుగురిని కూర్చోబెడతారు. ఇది వదిలేయకూడని మెట్టు. ఖాళీ బండిలో ఏమీ తాకదు. వేములవాడ రాజన్న దగ్గరికో, కొండగట్టుకో కుటుంబమంతా ఎక్కి బయలుదేరినపుడే తాకుతుంది. మనుషులు కూర్చున్నాక స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పి నెమ్మదిగా ముందుకు, వెనక్కి నడిపి, మళ్లీ కుడికి తిప్పి అదే చేస్తారు. తర్వాత ఒక్క ముందు చక్రాన్ని ఇటుక మీదికో, గట్టు మీదికో ఎక్కించి ఆ చక్రం స్ప్రింగును నొక్కిన స్థితిలో మళ్లీ తిప్పుతారు. అప్పుడు కిందికి దూరి టార్చి వేసి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో, లోపల ఏ రేకు మీద, ఏ పైపు మీద తెల్లమచ్చ పడిందో స్పష్టంగా కనిపిస్తుంది. సుద్ద దొరక్కపోతే కొద్దిగా గ్రీజు రాసినా పని జరుగుతుంది. ట్రెడ్డుకు మాత్రం పూయకూడదు.

కింద పడుకున్న ఆ పది నిమిషాల్లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది బ్రేకు గొట్టం. చాసిస్ దగ్గరి ఇనుప పైపు నుంచి చక్రానికి పోయే రబ్బరు గొట్టం స్టీరింగ్‌తో పాటు వంగుతుంది. లోపలికి జరిగిన టైరు దాన్ని ఒకే చోట రోజూ కొద్దికొద్దిగా తోమేస్తుంది. రేకుకు తాకితే చప్పుడొస్తుంది, గొట్టానికి తాకితే రాదు. పాత అంబాసిడర్లలో, పాత ఫియట్లలో నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే సర్క్యూట్ మీద ఉంటాయి. ఆ గొట్టం తెగితే ఒక చక్రం కాదు, మొత్తం పెడల్ నేలకు పోతుంది. అందుకే రబ్బరు దానంతటదే అరిగి సర్దుకుంటుందన్న మాటను ఏ గ్యారేజీలో విన్నా అక్కడే ఆపి చెప్పాలి. గొట్టం మీద గీత కనిపిస్తే గొట్టం మార్చాలి, ఆ రిమ్ము తీసేయాలి. ఆ రెండూ అయ్యేదాకా బండి కదలకూడదు.

టైరు పక్కగోడ తాకిడీ అలాంటిదే. ట్రెడ్డు భుజం కొద్దిగా అరిగితే నష్టం తక్కువ. పక్కగోడలో రబ్బరు పొర పలచన, దాని కిందే దారాల పొరలు. రేకు అంచు అక్కడ గీత పెడితే లోపలి దారం తెగుతుంది, ఉబ్బు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు మామూలే. ఆ వేడిలో రోడ్డు మీద టైరు ఇంకా కాగుతుంది. నిజామాబాద్, ఆర్మూరు మీదుగా కోరుట్ల, జగిత్యాల దాటి మంచిర్యాల వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా పోతున్నపుడు ముందు టైరు పగిలితే స్టీరింగ్ ఎవరి మాటా వినదు.

ఒక్క వైపే తాకితే? ఇది చాలామంది పట్టించుకోని ప్రశ్న. రెండు వైపులా ఒకే రిమ్ము, ఒకే టైరు ఉన్నపుడు ఎడమది మాత్రమే తాకుతుంటే తప్పు రిమ్ముది అయ్యే అవకాశం తక్కువ. బండి ఒకవైపు కుంగి ఉండొచ్చు, ఎప్పుడో దెబ్బ తగిలి ఆర్మ్ వంగి ఉండొచ్చు, బుష్ పోయి ఉండొచ్చు. టేపు తీసుకొని ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్య దాకా ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి కొలవండి. సెంటీమీటరు దాకా తేడా వస్తే ముందు చక్రం ఒకటి వెనక్కి జరిగి ఉందని అర్థం. అలాంటి బండికి మడ్‌గార్డు కోయడమంటే జ్వరం తగ్గించకుండా థర్మామీటరు విరగ్గొట్టడం. అరిగిన బుష్‌ల వల్ల బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి గుంజుకుపోయి మడ్‌గార్డు వెనక అంచుకు తగులుతుంది. కింది ఆర్మ్ బుష్‌లు, ఆర్మ్‌ను ముందుకు పట్టి ఉంచే కడ్డీ చివరి రబ్బర్లు, కింగ్‌పిన్‌లు, బేరింగుల ఆట, ఇవన్నీ పాత బండిలో అసలు చక్రాలున్నప్పుడే అరిగి ఉంటాయి. అప్పుడు సందు ఎక్కువగా ఉండడంతో బయటపడలేదు. పెద్ద చక్రం వచ్చి ఆ దాపరికాన్ని బయటపెట్టింది. నా మటుకు నేను ఈ మొత్తం ప్రశ్నలో అన్నిటికన్నా విలువైన ఖర్చు కొత్త బుష్‌ల మీద పెట్టే ఖర్చే అంటాను. తాకిడి తగ్గినా తగ్గకపోయినా బండి తిన్నగా పోతుంది, బ్రేకు ఒకవైపు లాగదు.

బుష్‌ల తర్వాత, కుంగిన ఎత్తును సరిచేయడం రెండో మెట్టు. ఇక్కడ బండి బండికీ తేడా ఉంది. అంబాసిడర్ ముందు భాగంలో కాయిల్ స్ప్రింగులు ఉండవు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన టోర్షన్ బార్లు, అంటే పొడవునా మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలు ఉంటాయి. దశాబ్దాలు మోసి మోసి అవి అలుస్తాయి. వాటి వెనక చివర బిగింపును సర్ది బండి ముందు ఎత్తును తిరిగి అసలు కొలతకు తేవచ్చు. ఇది పెద్ద ఖర్చులేని పని, కానీ బాగా ఓపిక కావాలి. రెండు వైపులా ఒకే ఎత్తు రావాలి, సర్దిన తర్వాత బండిని నాలుగడుగులు ముందుకు వెనక్కి దొర్లించి మళ్లీ కొలవాలి, చివర వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అసలు కొలతకు తేవడం వేరు, దాన్ని మించి ఎత్తడం వేరు. మించి ఎత్తితే ఆర్మ్‌ల కోణం మారి, క్యాంబర్, అంటే చక్రం నిలువు వాలు, చెడి, టైరు ఒకవైపే అరుగుతుంది. పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు కాబట్టి మంచి స్ప్రింగులు మార్చుకోవడమే దారి. కాయిల్ చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు చాలా షాపుల్లో దొరుకుతాయి. గుంతల్లో తాకిడి తగ్గినట్టనిపిస్తుంది. కానీ స్ప్రింగు కదలికను ఒక్కచోట ఆపేసి మిగతా చుట్ల మీద భారం పెడతాయి. తాత్కాలికంగా ఊరికి చేరడానికి సరే, ఏళ్ల తరబడి ఉంచుకోవడానికి కాదు. మారుతీ 800లో స్ట్రట్ మీద స్ప్రింగు గిన్నె టైరుకు చాలా దగ్గరగా ఉంటుంది. పొడవైన టైరు పైన మడ్‌గార్డుకు తగిలేలోపే లోపల ఆ గిన్నెకు తాకుతుంది. దానికి టైరు ఎత్తు తగ్గించడం ఒక్కటే సరైన మందు.

స్పేసర్ల సంగతి ఎక్కువగా మాట్లాడాల్సి వస్తుంది, ఎందుకంటే మన దగ్గర అది అతి సులువు. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. ఇరుసులు, కప్పీలు తిప్పే లేత్ పనివాళ్లు అక్కడ ఉన్నారు. ఇనుప బిళ్ల ఒకటి కోసి నాలుగు రంధ్రాలు వేయడం వాళ్లకు లెక్కలోకి రాని పని. చక్రం లోపలికి పోయి తాకుతున్నపుడు 10 మి.మీ. స్పేసర్ దాన్ని బయటికి తెస్తుంది, నిజమే. పైన చెప్పిన లెక్కలోనే 15 మి.మీ. స్పేసర్ వేస్తే లోపల అదనం 34 నుంచి 19కి తగ్గుతుంది. బయట అదనం 4 నుంచి 19కి పెరుగుతుంది. ఇది ఆ బండికి సరిపోవచ్చు కూడా. కానీ షరతులున్నాయి. నట్టు స్టడ్ మీద ఎంత మేర పట్టిందన్నది మొదటిది. 12 మి.మీ. స్టడ్‌కు కనీసం 12 మి.మీ. మర పట్టాలి, 1.5 పిచ్ అయితే ఎనిమిది పూర్తి చుట్లు. స్పేసర్ వేసిన తర్వాత నట్టు ఐదు చుట్లకే బిగుసుకుంటే పొడవైన స్టడ్లు వేయించకుండా ఆ బండిని రోడ్డెక్కించకూడదు. రెండోది, స్పేసర్ నడిమి రంధ్రం హబ్ మీద బిగువుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే బరువంతా స్టడ్ల మీదే పడుతుంది, వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. మూడోది, ముఖం రెండు వైపులా సమానంగా ఉండాలి. నట్టు కూర్చునే చోటు శంకువా, గుండ్రమా, చదునా అన్నదీ చూడాలి. పాత ఇనుప రిమ్ము నట్లే అల్లాయ్‌కు వాడేస్తే అవి సరిగా కూర్చోవు. పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర నట్లు ఉంటాయని తెలియక బిగిస్తున్నామనుకొని వదులు చేసేవాళ్లు, స్టడ్లు విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. రెండు మూడు పలచని స్పేసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం ఏ పరిస్థితిలోనూ వద్దు. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము వెతుక్కోగలిగితే స్పేసర్ అవసరమే లేదు, నేను దాన్నే ముందు ఎంచుకుంటాను.

రేకు పనికి వస్తే, అందులోనూ రెండు అంతస్తులున్నాయి. మడ్‌గార్డు లోపలి అంచు అంగుళం దాకా లోపలికి మడిచి ఉంటుంది. టైరు పైభుజం తాకేది ఎక్కువగా ఆ మడతకే. దాన్ని కోయకుండా పైకి నొక్కి మడిచేస్తే కొన్ని మిల్లీమీటర్ల సందు దొరుకుతుంది. జపాన్‌లో పాత కార్లవాళ్లు ఈ పనిని ఓ చేతివృత్తిగా చేస్తారు. రంగు పగలకుండా వేడిగాలితో కాస్త వెచ్చబెట్టి, రోలరుతో కొద్దికొద్దిగా తిప్పుతూ మడుస్తారు. మన డెంటర్లకు సుత్తి, డాలీ చేతిలో ఉంటే ఇదేమీ కొత్త విద్య కాదు. తొందర పనికిరాదంతే. మడత మధ్యలో పాత పుట్టీ ఉంటే పగిలిపోతుంది, పగిలిన చోట రంగు వేయకపోతే మొదటి వానాకాలానికే తుప్పు పడుతుంది. రెండో అంతస్తు కోత. ఇక్కడ నేను ఖచ్చితంగా వద్దంటాను. అంబాసిడర్, పద్మినిలకు జీపులా విడిగా చాసిస్ ఉండదు. రేకు గూడే బండి ఎముక. బయటి మడ్‌గార్డు బోల్టులతో విప్పి మార్చుకోగలిగినదే అయినా, లోపలి గోడ అలాంటిది కాదు. సస్పెన్షన్ బరువు మోసే చోటును గ్రైండర్‌తో కోస్తే తర్వాత ఎన్ని పట్టీలు వెల్డింగ్ చేసినా మునుపటి బలం రాదు. పాత మడ్‌గార్డు ఒకసారి కోశాక అలాంటిది ఇంకొకటి తుప్పులేకుండా దొరకడమూ కష్టమే.

జీపుల్లో అన్నిటికన్నా తేలికైన మందు స్టీరింగ్ ఆపు బోల్టులు. ముందు యాక్సిల్ కొసన, చక్రం ఎంతవరకు తిరగాలో నిర్ణయించే బోల్టు ఉంటుంది. దాన్ని రెండు చుట్లు బయటికి తిప్పి లాక్‌నట్టు బిగిస్తే, టైరు కమాన్ పట్టీని తాకే ముందే స్టీరింగ్ ఆగిపోతుంది. దీనికి చెల్లించే మూల్యం మలుపు వెడల్పు. సిరిసిల్ల బి.వై.నగర్ లాంటి ఇరుకు సందుల్లో ఒకసారి తిరిగే చోట రెండుసార్లు రివర్స్ చేయాల్సి వస్తుంది. లెక్క వేసుకొని ఒప్పుకోగల మూల్యమే. అసలు 6.00-16 బదులు 215/75 ఆర్ 15 వేసుకుంటే ఎత్తు పెరగదు, 703 మి.మీ. ఆపు బోల్టు కొద్దిగా తిప్పితే సరిపోతుంది. 31 అంగుళాల టైరు, అంటే 787 మి.మీ. వేసుకొని ఆపు బోల్టుతో సరిపెట్టుకుందామంటే కుదరదు.

రేడియల్‌కు మారేటపుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. ఒకే యాక్సిల్ మీద ఒకవైపు క్రాస్‌ప్లై, ఒకవైపు రేడియల్ ఎప్పుడూ వద్దు. పాత ఇనుప రిములకు టైరు అంచును పట్టి ఉంచే లోపలి గట్టు ఉండకపోవచ్చు, అలాంటప్పుడు ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబు వేసుకోవాలి. రేడియల్ పక్కగోడ కింద ఉబ్బుతుంది, మలుపుల్లో పక్కకు వంగుతుంది. షెడ్డులో సుద్దతో వేలు దూరేంత సందు వచ్చినా రోడ్డు మీద అది సగమే. బరువు మోసే సూచీ కూడా చూడాలి. పక్కగోడ మీద కొలత తర్వాత వచ్చే 88 అంటే ఒక టైరు 560 కిలోలు మోయగలదని, 82 అంటే 475 కిలోలని. అసలు టైరు మోసిన బరువు కన్నా కొత్తది తక్కువ మోయకూడదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి, దీన్ని చాలామంది మరచిపోతారు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో చట్టం అనుమతించని మార్పును యజమాని చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ప్రమాదం జరిగిన తర్వాత బీమా కంపెనీ మొదట వెతికేదీ చెప్పకుండా చేసిన మార్పునే. జర్మనీలో రిమ్ము, టైరు కొలత మార్చితే చాలా సందర్భాల్లో సాంకేతిక తనిఖీ సంస్థకు చూపించి కాగితాల్లో రాయించుకోవాలి. అది కఠినంగా కనిపించినా, యజమానికి ఒక స్పష్టత ఇస్తుంది. మన దగ్గర ఆ స్పష్టత లేదు. పాత బండి మీద ప్రేమతో చేసే పనిని తనిఖీ చేసి, సరిగా ఉందని రాసిచ్చే చోటు ఒకటి ఉండాలని నేను కోరుకుంటాను.

వింటేజ్ నమోదు గురించి ఆలోచించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండ్లకే ఆ గుర్తింపు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, ప్రత్యేకమైన నంబరు ప్లేటు. కరీంనగర్ ఏపీ-15 నంబరుతో తిరిగే 1990ల అంబాసిడర్‌కు ఆ వయసు ఇంకా రాలేదు. కానీ షెడ్లలో పడి ఉన్న అంబాసిడర్ మార్క్ టూ, ఫియట్ 1100లకు వచ్చేసింది. అలాంటి బండి లోపలి గోడను ఓ రిమ్ము కోసం గ్రైండర్‌తో కోస్తే, అసలు రూపం అనే ఆ షరతు దగ్గరే చిక్కు వస్తుంది. రిమ్ము రేపు విప్పేయొచ్చు, కోసిన రేకును అతికించలేం.

ఇంతా చూశాక నా ఎంపిక చెబుతాను. అంబాసిడర్‌కు పదిహేను అంగుళాల రిమ్ము మీదే ఉండి 195/65 లేదా 205/65 రేడియల్, అసలుకు దగ్గరగా ఉన్న ఆఫ్‌సెట్‌తో. ఎత్తు 634, 647 మి.మీ., కాస్త పొట్టి. స్పీడోమీటరు కొంచెం ఎక్కువ చూపుతుంది, ఇబ్బంది లేదు. పద్మినికి 155/80 ఆర్ 14, ఎత్తు 604, అసలుకు అచ్చంగా సరిపోతుంది. పదహారే కావాలని పట్టుబట్టేవాళ్లకు 205కు మించని వెడల్పు, కొత్త బుష్‌లు, సరైన ఎత్తు, మడ్‌గార్డు మడత నొక్కడం, ఈ నాలుగూ కలిస్తే అంబాసిడర్‌లో సాధ్యమే. నాలుగింటిలో ఒకటి వదిలేసినా మళ్లీ తాకుతుంది.

పని పూర్తయ్యాక మొదటి యాభై, వంద కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. అల్లాయ్‌లకు ఇది మరీ ముఖ్యం. అలైన్‌మెంట్ చేయించి, మళ్లీ సుద్ద గీసి, కుటుంబమంతా ఎక్కించుకొని ఒకసారి సిరిసిల్ల నుంచి వేములవాడకో, జగిత్యాల నుంచి ధర్మపురికో పోయి రావాలి. తిరిగొచ్చాక బండి కింద పడుకొని సుద్ద చూడాలి, బ్రేకు గొట్టం రెండు వైపులా చేత్తో తడిమి చూడాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పిన స్థితిలో ఒకసారి, తిన్నగా ఉన్నపుడు ఒకసారి.